కారవాన్ పైకప్పు మీద పగులు

బండ్ల పాలిష్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి సందేహాలు అడుగుతుంటారు. నల్ల బండి మీద గీతలు పడకుండా ఎట్లా తుడవాలి, ఎండలో మైనం పూస్తే ఏమవుతుంది, ఏ కాంపౌండు మంచిది, ఇట్లాంటివి. తెలిసింది చెప్పి పంపిస్తాను. చెప్పకపోయినా నష్టం లేదు, నాలుగు బండ్లు పాడు చేస్తే అవన్నీ ఎవరికైనా వచ్చేస్తాయి. నాకు ముప్ఫై ఏళ్ళు పైబడిన ఉద్యోగంలో రానిది ఒకటుంది. పక్కన నిలబడ్డ మనిషి నాకన్నా బాగా పని చేస్తుంటే ఓర్చుకోవడం. దాని గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే రాస్తున్నాను.

తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డులో, ఊరు దాటినాక ఉండేది మా షెడ్డు. నేను చేరిన కాలంలో మిషన్లు లేవు. రంగుకు మెరుపు తెచ్చే ఎర్ర కాంపౌండు ముద్ద ఒక డబ్బా, ఇంత కాటన్ వేస్టు, రెండు చేతులు. లాడ్జీల ముందు ఆగే టూరిస్టు బస్సులు, డాక్టర్ల కార్లు, యూనివర్సిటీ వాళ్ళ జీపులు నా చేతి కిందనే మెరిశాయి. ఎవరైనా కొత్త గిరాకీ వస్తే మా ఓనరు నా వైపు చెయ్యి చూపించి, "ఆయప్ప రుద్దితే బోనెట్లో సూసుకొని గడ్డం గీసుకోవచ్చు" అనేవాడు. పదకొండు గంటలకు టీ వస్తే మొదటి గ్లాసు నాకే. నాకు కాకుండా ఇంకొకరికి మొదటి గ్లాసు అందవచ్చని నేను ఎప్పుడూ అనుకోలేదు.

నేను పని మానేయడానికి మూడేళ్ళ ముందు ఆమె వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. చిత్తూరులో బండ్లకు సీటు కవర్లు కుట్టే మేస్త్రి కూతురు. కుట్టు తండ్రి దగ్గర నేర్చుకుంది. పెళ్ళయి బెంగుళూరులో ఉన్నప్పుడు ఒక పెద్ద పాలిష్ సెంటరులో చేరి మిషను పని నేర్చుకుంది. భర్తకు తిరుపతిలో ఆసుపత్రి అంబులెన్సు నడిపే ఉద్యోగం దొరికితే ఇక్కడికి వచ్చారు. మా ఓనరు ఆమెను లోపలి పనికి, అంటే సీట్లు, కార్పెట్లు శుభ్రం చేయడానికని పెట్టుకున్నాడు. సీట్లు కడిగే మనిషి కదా అని నేనూ మర్యాదగానే ఉన్నాను. నన్ను "అన్నా" అని పిలిచేది. అందరికీ పరిచయం చేసిందీ నేనే.

ఒకరోజు తెల్ల కారొకటి వచ్చింది. కొత్త బండికి పూజ చేయించి, బోనెట్ మీద పసుపుతో పెద్ద బొమ్మ గీయించి, అట్లాగే ఊరంతా తిప్పారు. పసుపు రంగులోకి దిగిపోయింది. నేను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రుద్దాను. కొంచెం పలచబడింది గానీ పోలేదు. చేతులు తుడుచుకుంటుంటే ఆమె నెమ్మదిగా వచ్చింది.

"రుద్దబాకన్నా. ఎండలో పెట్టేస్తే అదే పోతాది. పసుపు ఎండకు నిలవదు" అంది.

"ముప్ఫై ఏండ్లుగా రుద్దతా ఉండా నేను" అన్నాను.

ఓనరు విన్నాడు. బండిని ఎండలోకి తోయించాడు. మరుసటి రోజు సాయంత్రానికి బోనెట్ పాలలాగా ఉంది. ఓనరు నవ్వుతూ అందరికీ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు పెట్టుకోవడానికి దవడలు నొప్పి పుట్టాయి.

అక్కడి నుంచి మొదలైంది. ఆమె మిషను పట్టుకుంటే సగం రోజులో అయ్యే పని నాకు రెండు రోజులు పట్టేది. గిరాకీలు ఫోను చేసి, "ఆయమ్మ ఉండాదా ఈ పొద్దు?" అని అడిగి మరీ వచ్చేవాళ్ళు. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నా నన్ను దాటి లోపలికి చూసేవాళ్ళు. ఒకరోజు టీ మొదటి గ్లాసు ఆమెకు వెళ్ళింది. ఆ టీ ఇచ్చినవాడికి ఏ ఉద్దేశమూ లేదు, ఆమె దగ్గరగా ఉందంతే. అయినా ఆ రోజు నేను టీ తాగలేదు. ఆమె అన్నం తెచ్చుకునే డబ్బాలో నాకని వేరుగా కూర పెట్టుకొచ్చేది. కడుపు బాగాలేదని చెప్పి, బయటికి పోయి ఇడ్లీ తినేవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పాలి, సిగ్గయినా. ఆమె భోజనానికి కూర్చున్నప్పుడు, పాత ఇనుములో పడేసిన ఒక కారు తలుపు మీద ఆమె మిషను పెట్టి చూశాను. స్పీడు ఎంత ఉండాలో తెలియదు. రెండు నిమిషాల్లో రంగు కాలి, అడుగున ఇనుము కనిపించింది. తలుపును గోడ వైపుకు తిప్పి పెట్టాను. మరుసటి రోజు పొద్దున మిషను మీద, స్పీడు తిప్పే మర దగ్గర, చాక్‌పీసుతో చిన్న గుర్తు పెట్టి ఉంది. ఇక్కడిదాకా తిప్పితే చాలని. ఆమె నాతో ఒక్క మాట అనలేదు. ఆ గుర్తు చూసి నేను నేర్చుకొని ఉండవచ్చు. నాకు ఒళ్ళు మండింది. గుడ్డతో తుడిచేశాను.

ఇట్లా ఉండగా ఆ కారవాన్ వచ్చింది.

సోమవారం పొద్దున రోడ్డు మీది నుంచి షెడ్డులోకి తిరగడానికే దానికి చాలాసేపు పట్టింది. మినీ బస్సంత పొడుగు, దానికన్నా ఎత్తు. లోపల మంచం, చిన్న వంటగది, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు, పైన ఏసీ. సినిమా షూటింగులకు తిరిగి తిరిగి అలిసిపోయిన బండి. కొన్నది కార్వేటినగరం పక్కన మామిడితోటలున్న ఒక పెద్దమనిషి. బండి ఒళ్ళు ఇనుము కాదు, ఫైబరు. ఎండకు మెరుపంతా చచ్చి, చెయ్యి వేస్తే సున్నం గోడకు ఆనుకున్నట్టు తెల్లటి పొడి అంటుకుంటోంది. పైకప్పు నుంచి పక్కలకు నల్లటి చారలు కారి ఉన్నాయి.

"శుక్రవారం తెల్లారి బయల్దేరాలప్పా" అన్నాడు తోటాయన. "మా ఇంటామెకు వెన్నుపూస దెబ్బతినిండాది. అరగంట జాస్తి కూర్చోలేదు. ఆరేండ్లాయ, ఆసుపత్రికి తప్ప గడప దాటి. వాళ్ళక్క నాగర్‌కోయిల్లో ఉండాది. ఆయమ్మదీ మంచాన పడిన బతుకే. ఇద్దురూ ఫోన్లో మాట్లాడుకొని ఏడస్తా ఉంటారు. పండుకోబెట్టుకొని పోదామని ఇది కొన్నా. వాసన లేకుండా, కొత్తదాని మాదిరి చేసీండి."

నాలుగు రోజుల పని. అంత పెద్ద బండి మా షెడ్డుకు అదే మొదటిది. నేను అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచాను. అప్పుడు ఓనరు, "లోపలా బయటా రెండూ ఆయమ్మే సూసుకుంటాది. ఫైబరు కదా, గట్టిగా రుద్దితే పొర లేచిపోతాది" అని, నా వైపు తిరిగి, "నువ్వు చక్రాలు సూడు. రవంత పైకెక్కి కప్పు ఎట్లుండాదో సూసి ఆయమ్మకు చెప్పు" అన్నాడు.

చక్రాలు. నేను షెడ్డులో చేరిన మొదటి వారం చేసిన పని.

నిచ్చెన వేసుకొని పైకెక్కాను. కప్పు మధ్యలో గాలి కోసం పెట్టిన చదరపు కిటికీ ఉంది. దాని చుట్టూ నీళ్ళు దిగకుండా వేసిన రబ్బరు జిగురు ఎండకు ఎండి, ఒక పక్క నల్లటి మట్టి కింద జానెడు పొడవున పగిలింది. గోరుతో గీరి, నొక్కి చూశాను. గోరు సగం లోపలికి పోయింది. అక్కడ ప్రెషర్ పంపు కొడితే నీళ్ళు నేరుగా లోపలికి దిగుతాయని చెప్పడానికి ముప్ఫై ఏళ్ళ అనుభవం అక్కర్లేదు.

నిచ్చెన దిగుతుంటే ఆమె కింద నిలబడి ఉంది.

"పైన ఎట్లుండాదన్నా?"

నేను దిగిన మెట్లు ఎనిమిదో తొమ్మిదో. ఆ మెట్ల మీదనే తేల్చుకున్నాను. ముందుగా ఆలోచించి పెట్టుకున్నది కాదు. కానీ నోరు జారిన మాట అనుకోవడానికీ లేదు.

"బాగానే ఉండాది. మట్టి పట్టిండాది, అంతే" అన్నాను. "నాకు మోకాలు పట్టేసింది. నువ్వే కడుక్కో."

"సరేన్నా" అని ఆమె బ్రష్షులు తీసుకోవడానికి పోయింది.

మంగళవారం ఆమె కప్పు కడిగింది. నేను కింద చక్రం ముందు కూర్చొని పంపు శబ్దం విన్నాను. ఏసీ దగ్గర ఒక రకంగా, అంచుల దగ్గర ఒక రకంగా, కిటికీ చుట్టూ ఇంకో రకంగా వినిపించేది. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. లేచి ఒక్క కేక వేస్తే ఆగేది. అంత తెలివి ఉన్న మనిషికి పగులు కనపడదా, కనపడకపోతే ఆ తెలివి ఏపాటిదో ఓనరు కూడా చూడనీ, అనుకున్నాను. తర్వాత తెలిసింది, పగులు మీద నల్లటి మట్టి పేరుకొని ఉందని. నేను గోరుతో గీరిన చోట తప్ప ఏమీ కనపడదు.

ఆ సాయంత్రం తోటాయన పరుపు తెచ్చి లోపల మంచం మీద వేయించి పోయాడు. మామూలు పరుపు కాదు. డాక్టరు చెప్పిన కొలతలతో, నడుము దగ్గర ఒక రకం మెత్తదనం, భుజాల దగ్గర ఇంకో రకం మెత్తదనం వచ్చేట్టుగా చేయించినది. ఆమె దానికి అప్పటికే తెల్ల పూల గుడ్డతో తొడుగు కుట్టి పెట్టింది. తొడిగి, అంచులు సర్ది, తలుపు వేసి ఇంటికి పోయింది.

బుధవారం పొద్దున ఆమె తలుపు తీసింది. నేను వెనకాల ఉన్నాను. కావాలనే ఉన్నాను.

కప్పు లోపలి పలక ఉబ్బి కిందికి వేలాడుతోంది. దాని మధ్య నుంచి టీ రంగు నీళ్ళు ఒక్కో చుక్కా పరుపు మీద పడుతున్నాయి. పరుపులో నడుము దగ్గర పెట్టిన ముక్క నీళ్ళు పీల్చి ముద్దయింది. తెల్ల తొడుగు మీద పళ్ళెమంత మరక.

నాకు సంతోషం కలిగింది. ఇది దాచి మిగతాది రాస్తే ఈ కథకు అర్థం లేదు. ఒక క్షణం, ఛాతీలో ఏదో వదులైనట్టు, హాయిగా అనిపించింది. ఆమె ముఖం చూశాక కూడా అది వెంటనే పోలేదు.

ఓనరు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. కప్పు చూడమని నాకు చెప్పిన సంగతి ఆ కంగారులో మర్చిపోయాడు. "పంపు కొట్టేముందు కప్పు సూసుకోవాల్నా వద్దా? ఇన్ని సర్టిఫికెట్లు పెట్టుకొని ఇదా నువ్వు నేర్సుకునింది?" అని అరిచాడు. పనివాళ్ళంతా చేరారు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకొని, "నాదే తప్పు. నేను సూసుకోకుండా నీళ్ళు కొట్టినా" అంది. నా వైపు చూడలేదు. "అన్న సూసి బాగుండాదన్నాడు" అనే మాట ఆమె నోటి నుంచి వస్తుందని, వస్తే ఏం బుకాయించాలో నేను సిద్ధం చేసుకొని నిలబడ్డాను. రాలేదు.

పదింటికి తోటాయన వచ్చాడు. కోప్పడతాడనుకున్నాం. ఆయన లోపలికి పోయి, తడి పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూశాడు. బయటికి వచ్చి బండి మెట్టు మీద కూర్చొని ఇంటికి ఫోను చేశాడు. ఆయనకు చెవి మందం, ఫోను గట్టిగా పెట్టుకుంటాడు. అందరికీ వినపడింది.

"శుక్రవారం కాదంట. బండిలో ఇంకా పని ఉండాదంట" అన్నాడు.

"ఏమైందంట?" అని అవతలి నుంచి ఆయన భార్య గొంతు.

"ఏం కాలా. బాగా చేస్తామంటా ఉండారు."

ఆవిడ, "అక్కకు నువ్వే చెప్పు. నేను చెప్పలేను. నిన్ననే తల దువ్వించుకునిందంట" అంది.

ఆయన ఫోను జేబులో పెట్టుకొని, బస్సెక్కి పోయాడు. నాకు ఛాతీలో వదులైనది మళ్ళీ బిగుసుకుంది. ఇంతసేపూ నేనూ ఆమే అనుకున్న చోట మూడో మనిషి, నాలుగో మనిషి ఉన్నారు. వాళ్ళిద్దరూ నాకు ఏ అపకారమూ చేయలేదు. నేను వాళ్ళ ముఖాలు కూడా చూడలేదు.

మధ్యాహ్నం ఆమె ఒక్కతే కారవాన్ లోపల పలక మరలు విప్పుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి చెప్పాను.

"సోమవారం నేను పైన పగులు సూసినా."

ఆమె మర విప్పడం ఆపలేదు. "తెలుసున్నా" అంది.

"ఎట్ల తెలుసు?"

"పొద్దున పైకెక్కి సూసినా గదా. జిగురు మీద గోరు గుర్తు ఉండాది. ఆ గుర్తులో ఎర్ర కాంపౌండు అంటుకునిండాది. ఈ షెడ్డులో చేత్తో ఎర్ర కాంపౌండు వాడేది నువ్వొక్కడివే."

"మరి ఓనరుకు ఎందుకు చెప్పలా?"

అప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పి ఏం చేసేదన్నా? నిన్ను పంపించేస్తారు. ఆయప్ప బండి నేనొక్కదాన్నే చేసుకోవాల్సొస్తాది. నాకు ఇప్పుడు మనిషి కావాల. అందులోనూ..." అని ఆగి, "పెద్దోడు సూసి బాగుండాదన్నాక నేను మళ్ళా సూడాల్నా? మా నాయన చెప్తే సూస్తానా? అందుకే సూళ్ళా. ఇంగ ఎవురు చెప్పినా సూసుకుంటా" అంది.

తిట్టినా బాగుండేది. ఆ మాటతో నేను మారిపోయానని మీరు అనుకుంటారేమో. లేదు. నాకు ఇంకా ఎక్కువ కుళ్ళు పుట్టింది. పనిలో నన్ను దాటింది, సరే. ఓపికలో కూడా దాటాలా? దాచిపెట్టి నన్ను కాపాడే హక్కు ఈమెకు ఎవరిచ్చారు? చెప్పడానికి వచ్చినవాణ్ణి, మళ్ళీ ఆమె కిందనే నిలబడ్డాను. పోనీ పని మానేసి ఇంటికి పోదామనుకొని గేటు దాకా వెళ్ళాను కూడా. తల దువ్వించుకున్న ఆ అక్క గుర్తుకు వచ్చింది. తిరిగి వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, "ఏం చేయాల్నో చెప్పు" అన్నాను.

ఆ మాట అనడానికి నాకు యాభై తొమ్మిదేళ్ళు పట్టింది.

ఉబ్బిన పలక కోసి తీసేశాం. పైన తడిసిన దూది లాంటి పొర అంతా లాగేశాం. ఫ్యాన్లు పెట్టి రెండు రోజులు ఆరబెట్టి, కొత్త పలక బిగించాం. పాత జిగురంతా చెక్క బద్దతో గీకి, శుభ్రం చేసి, కొత్తది వేసే పని నేనే తీసుకున్నాను. ఎండలో కప్పు మీద బోర్లా పడుకొని ఆ కిటికీ నాలుగు అంచులూ వేలితో పూశాను. ఆ రెండు రోజులూ మోకాలు నొప్పి మాటే నాకు గుర్తు రాలేదు. పరుపు తడిసిన భాగం ఆమె కోసి, కొలతలు తీసుకొని, అదే గట్టిదనం ఉన్న ముక్క వెదికి తెచ్చి అతికించింది. తనే దాని మీద పడుకొని, లేచి, మళ్ళీ విప్పి రవంత కోసి, మళ్ళీ పడుకొని చూసింది. నాలుగు సార్లు.

శుక్రవారం బయటి పాలిష్. మిషను నా చేతికిచ్చి, "ఫైబరన్నా, బరువు ఎయ్యబాక. మిషను బరువే చాలు" అని పక్కన నిలబడింది. నేను తుడిచేసిన చాక్‌పీసు గుర్తు అంతకుముందు ఎక్కడుందో అక్కడికే మరను ఆమే తిప్పింది. మొదటి అడుగు నేను పాడు చేయలేదు. రెండో అడుగుకు సున్నం పొర పోయి, అడుగున మెరుపు మెల్లగా పైకి వచ్చింది. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి కనిపించింది. నా చేతి పాలిష్‌కు ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. ఆ సంతోషంలో కూడా ఒక ముల్లు ఉంది. ఇది ఆమె వచ్చిన కొత్తలోనే అడిగి నేర్చుకొని ఉండవచ్చు.

ఆదివారం పొద్దున తోటాయన భార్యను తీసుకొని వచ్చాడు. అంబులెన్సులో తెచ్చి, స్ట్రెచరు మీది నుంచి కారవాన్ మంచం మీదికి మార్చారు. అంబులెన్సు నడిపింది మాతో పనిచేసే ఆమె భర్తే. బక్కపలచటి మనిషి ఆ పెద్దావిడ. పరుపు మీద పడుకొని, కళ్ళు మూసుకొని, కొంచెం అటూ ఇటూ కదిలి, "నొప్పి లేదు" అంది. తోటాయన ముఖం తిప్పుకున్నాడు.

అందరం బండి చుట్టూ నిలబడి ఉన్నాం. ఓనరు కూడా హుషారుగా ఉన్నాడు. అప్పుడు మాతో పనిచేసే ఆమె తోటాయనతో, "కప్పు పని అంతా ఈ అన్నే చేసినాడు. పగులు కనిపెట్టిందీ అన్నే. ఇంగ ఎంత వాన కొట్టినా సుక్క దిగదు" అంది.

ఆమె ఆ మాట ఎత్తిపొడుపుగా అనిందో, నిజంగానే నన్ను పైకెత్తాలని అనిందో ఈ రోజుకూ నాకు తెలియదు. అడగలేదు. తోటాయన రెండు చేతులూ జోడించాడు నాకు. నా జీవితంలో ఎంతమందో నా పనిని మెచ్చుకున్నారు, అన్నీ తీసుకున్నాను. అది తీసుకోలేకపోయాను.

"కనిపెట్టింది సోమవారం" అన్నాను. "నీళ్ళు కొట్టకముందే. ఆయమ్మ అడిగితే బాగానే ఉండాదని చెప్పినా. ఆయమ్మను సూసి ఓర్వలేక."

ఓనరు నన్ను ఎగాదిగా చూసి, కింద చూశాడు. తోటాయన చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి, దించడం మర్చిపోయాడు. లోపల కిటికీ పక్కన పడుకున్న పెద్దావిడకు అంతా వినపడింది. తల తిప్పలేదు, కప్పు వైపే చూస్తూ అంది:

"శుక్రవారం మా అక్క పొద్దున్నించి సాయంత్రం దాకా వాకిలి వైపు తిరిగి పండుకునిందంట. నేను రానని తెలిసి కూడా."

నేను తల వంచుకున్నాను. ఆవిడ, "దావ విడిసిపెట్టండి. పోవాల" అంది.

నేను పక్కకు జరిగాను. బండి మెల్లగా గేటు దాటి పుత్తూరు వైపు తిరిగింది. ఎండ పడి ఆ పొడుగాటి పక్క అంతా మెరిసింది. ఎప్పుడూ చేసినట్టు దాన్ని చూసి పొంగిపోవడం నాకు చేతకాలేదు.

తప్పు ఒప్పుకున్నందుకు నన్ను ఎవరూ భుజం తట్టలేదు. ఓనరు నాతో నెల రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. తోటి పనివాళ్ళు నేను ఏదైనా చూసి "బాగుండాది" అంటే, నా ముందే ఇంకోసారి చూసుకునేవాళ్ళు. అది వాళ్ళ హక్కు. మిగిలిన ఉద్యోగమంతా అట్లాగే గడిచింది. ఆమె మాత్రం మునుపటిలాగే కూర తెచ్చింది. నేను తినడం మొదలుపెట్టాను. ఆ వంకాయ కూర అంత బాగుంటుందని అప్పటిదాకా తెలియదు.

వారం తర్వాత నాగర్‌కోయిల్ నుంచి ఒక ఫోటో వచ్చింది. కారవాన్ వెనక తలుపు తెరిచి, ఇంటి వాకిట్లో పెట్టిన మంచానికి ఆనించి నిలిపారు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరు లోపల, ఒకరు బయట, పడుకొనే చేతులు పట్టుకున్నారు. అక్క తల నున్నగా దువ్వి ఉంది. షెడ్డులో అందరూ చూశారు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. నాకూ మనసు నిండింది. అయితే దాంతో పాటు ఇంకొకటి కూడా అనిపించింది. ఆ ఫోటో పరుపు కుట్టిన ఆమె ఫోనుకు వచ్చింది, నా ఫోనుకు రాలేదు. ఎందుకు వస్తుంది? రాకూడదు. తెలుసు. అయినా అనిపించింది.

పిల్లలూ, ఈ రోగం ఒకసారి ఒప్పుకుంటే వదిలిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వదలదు. వచ్చినప్పుడు వచ్చిందని గుర్తుపట్టడం, అది నోట్లోంచి మాటగా బయటికి రాకముందే పళ్ళు బిగించడం, నాకు చేతనైంది అంతే. పక్కవాడు "పైన ఎట్లుండాది?" అని అడిగినప్పుడు, వాడంటే మీకు ఎంత కడుపుమంట ఉన్నా, చూసింది చూసినట్టు చెప్పండి. ఆ బండిలో పోయేది వాడు కాదు.

నేను పని మానేసిన ఏడాదికి ఆమె సొంతంగా షెడ్డు పెట్టుకుంది, వడమాలపేట దాటినాక, రోడ్డు పక్కనే. బోర్డు లేదు, నీలం రేకులు వేసి ఉంటాయి. పుత్తూరులో మా కూతురింటికి పోయేటప్పుడు బస్సు దాని ముందు నుంచే పోతుంది. వాకిట్లో నాలుగైదు బండ్లు వరసగా కనిపిస్తే ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. ఒక్క బండీ లేని రోజున పుత్తూరు చేరేదాకా దిగులుగా ఉంటుంది. రెండింటిలో ఏది జరిగినా ఆ పూట మనసు బాగుండదు. ఆ షెడ్డు ఏ పక్క వస్తుందో నాకు తెలుసు. వెనక సీట్లు ఖాళీగా ఉన్నాయని కండక్టరు చెప్పినా, ఆ పక్క కిటికీ దొరికేదాకా నేను నిలబడే ఉంటాను.